ముఖం చాటేసిన మరమనిషి

మరమనిషి అనగానే మన మనస్సులో ఒక ఉక్కుబొమ్మ మెదలుతుంది. చెప్పిన పని చేయడం, లేదా తిరగబడి మానవజాతిని మట్టుపెట్టడం, కథలలో దానికి సాధారణంగా ఈ రెండే వృత్తులు. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రచించిన నాటకం ద్వారా ‘రోబో’ అనే మాట లోకానికి పరిచయమైంది. దానికి మూలమైన చెక్ పదానికి అర్థం వెట్టిచాకిరి. పేరులోనే దాస్యాన్ని మోస్తున్న ఆ జీవి నోరు విప్పి తన కథ తానే చెప్పుకుంటే ఎలా ఉంటుంది? అదీ నవ్విస్తూ చెబితే?

అమెరికా రచయిత్రి మార్తా వెల్స్ 2017లో ఆరంభించిన ‘మర్డర్‌బాట్ డైరీస్’ అనే గ్రంథమాల అటువంటిదే. అందులో మొదటిదైన ‘ఆల్ సిస్టమ్స్ రెడ్’ వైజ్ఞానిక కల్పనా సాహిత్యంలో విశిష్టమైన హ్యూగో, నెబ్యులా పురస్కారాలను రెంటినీ పొందింది. 2025లో ఈ కథ టెలివిజన్ ధారావాహికగా కూడా వచ్చింది. కొంత యంత్రం, కొంత మానవకణజాలం కలిపి తయారుచేసిన ఒక కాపలా మరమనిషి ఇందులో కథకుడు. కథకుడు అనడం కూడా పొరపాటే. అది స్త్రీ కాదు, పురుషుడూ కాదు. ‘అది’ అంటే దానికి చాలు. మనిషిని ‘అది’ అనడం మన భాషలో అవమానం. తనను మనిషిగా లెక్కించడమే దానికి ఇబ్బంది!

ఒక వ్యాపారసంస్థ దానిని అన్వేషక బృందాలకు అద్దెకిస్తుంది. ఆజ్ఞ మీరితే శిక్షించే పరికరం ఒకటి దానిలో అమర్చి ఉంటుంది. ఆ పరికరాన్ని అది రహస్యంగా నిర్వీర్యం చేసి స్వేచ్ఛ సంపాదించుకుంటుంది. ఇక ప్రళయమే అనుకుంటాం. కాని అది చేసిన ఘనకార్యం ఏమిటి? దాదాపు 35,000 గంటల సేపు సినిమాలు, ధారావాహికలు, పుస్తకాలు, నాటకాలు, సంగీతం ఆస్వాదించడం! ప్రమాదం ముంచుకొస్తున్నా, తనకిష్టమైన ధారావాహికలో తరువాయి భాగం ఎప్పుడు చూస్తానా అనే దాని బెంగ. మన బారిష్టరు పార్వతీశం లోకం తెలియక నవ్విస్తాడు. ఇది లోకం మరీ ఎక్కువగా తెలిసి, విసుక్కుంటూ నవ్విస్తుంది. అర్ధరాత్రి నేను పకపక నవ్వుతుంటే ఇంట్లోవారు నిద్రలేచి వచ్చి చూశారు.

ఆ హాస్యం వెనుక ఒక బెరుకు దాగి ఉంది. పరాయి గ్రహంపై భీకరజంతువు దాడి చేసినప్పుడు, అది భరద్వాజ్ అనే శాస్త్రవేత్తను మృత్యుముఖం నుండి కాపాడుతుంది. భయంతో కొయ్యబారిన ఆమె సహచరునికి తన ముఖం చూపి, మెల్లగా మాట్లాడి ధైర్యం చెబుతుంది. తరువాత వారు ఆదరంతో తమ మధ్య కూర్చోమన్నప్పుడు మాత్రం దానికి గుండె జారిపోతుంది. ఎవరైనా కళ్ళలోకి చూస్తే భరించలేదు. ప్రాణం ఒడ్డగలదు, ఒక చూపును ఎదుర్కోలేదు.

అక్కడ నా నవ్వు ఆగిపోయింది. నేను అధ్యాపకుణ్ణి. కొన్నేళ్ళ క్రితం నా తరగతిలో ఒక విద్యార్థి ఉండేవాడు. ఏమడిగినా నేలచూపులు చూస్తూ సమాధానం చెప్పేవాడు. ఆ సమాధానం ఎప్పుడూ సరైనదే. ఒకనాడు, “నా ముఖం చూసి మాట్లాడవోయ్! నేలమీద రాసి ఉందా?” అన్నాను. తరగతి అంతా గొల్లుమంది. ఆ తరువాత అతడు నా తరగతిలో మరి నోరు విప్పలేదు. అది అతని అహంకారమని నేను చాలాకాలం నమ్మాను.

కథలో ఆ బృందనాయకురాలు డాక్టర్ మెన్సా అలా చేయదు. దాని సంకోచాన్ని గుర్తించి, దాని ఇష్టానికి విలువనిస్తుంది. చివరకు సంస్థ నుండి దానిని కొని విముక్తి ప్రసాదిస్తుంది. అయినా అది ఎదురుగా నిలిచి వీడ్కోలు చెప్పలేదు. ఒక సందేశం మాత్రం ఆమెకు వదలి, తన దారి తాను వెతుక్కుంటూ వెళ్ళిపోతుంది. ప్రేమించినవారికి కూడా కొంత దూరం అవసరమని ఆమె గ్రహించగలిగింది. ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఆ సంగతి తోచలేదు.

ఇప్పుడు నా తరగతిలో తలవంచుకొని జవాబు చెప్పేవారు ఉన్నారు. నేను నల్లబల్లవైపు తిరిగి వారు చెప్పినది రాస్తూ వింటాను. ఆశ్చర్యమేమంటే, నేను చూడనప్పుడు వారి గొంతు కొంచెం పెరుగుతుంది. ఆ పాత విద్యార్థి ఎక్కడున్నాడో తెలియదు. కనబడితే క్షమాపణ చెప్పాలని ఉంది, అతని ముఖంలోకి సూటిగా చూడకుండానే.