ఊత్తుకోట యెండా, పాత బండీ

మన పెద్దలు నేటికీ మదరాసు అని పిలిచే చెన్నైనుంచి పెరియపాళయం, నాగలాపురం మీదుగా తిరుపతికి వెళ్ళే దారిలో, సుమారు 50 కిలోమీటర్లు సాగిన తరువాత ఊత్తుకోట వస్తుంది. తమిళవాళ్ళ వాడుకలో ఊత్తు అంటే మన ఊటే. పక్కనే ఆరణియేరు వున్నది. యెండకాలంలో అది ఇసుక పరుపు. వానలు పట్టి పైన పిచ్చాటూరు జలాశయం నిండినదంటే మాత్రం దాని వాలకమే వేరు. యేటికి ఎగువన, ఆంధ్రలో, సురుటుపల్లి. హాలాహలం మింగిన శివుడు అమ్మవారి ఒడిలో తల పెట్టుకొని పవళించిన క్షేత్రమది. ప్రదోషం నాడు ఆ దారిన బండ్లు బారులు తీరుతాయి.

1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మార్చినప్పుడు తిరుత్తణి తాలూకా అటు వెళ్ళింది, సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. గీత ఎక్కడ గీసినా ఊళ్ళు ఉన్నచోటనే వున్నవి, వియ్యాలూ ఆగలేదు. 1983లో కుదిరిన ఒప్పందం ప్రకారం తవ్విన తెలుగుగంగ కాలువ ఊత్తుకోట దగ్గరనే తమిళనాట అడుగుపెడుతుంది. 1996లో ఆ కాలువ వెంట కృష్ణనీరు పూండి చేరింది.

ఈ ఊళ్ళో నీడకంటె యెండ ఎక్కువ. చెట్టు కింద చోటు దొరకని కారు పగలల్లా రోడ్డుపక్కన కాగవలసిందే. ఆ యెండ గుర్తు ముందుగా రంగుమీద కాదు, నల్లని ప్లాస్టిక్ మీద పడుతుంది. పాత అంబాసిడరుకు మెరుగు పెట్టిన ఇనుప బంపరు. అది పోతే తుప్పు పట్టేది. 1983 నుంచి 2014 వరకు తయారైన మారుతీ 800 వచ్చాక మధ్యతరగతి ఇళ్ళకు నల్ల ప్లాస్టిక్ బంపరు పరిచయమైంది. ఈ తిరువళ్ళూరు జిల్లాలోనే 1998లో మిత్సుబిషి లాన్సరు తయారీ మొదలైంది. అవి కూడా ఇప్పుడు పాత బండ్లలోనే లెక్క.

నలుపు బూడిదరంగుకు ఎందుకు తిరుగుతుంది? బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేస్తారు. పొడుగాటి గొలుసుల వంటి అణువుల అల్లిక అది. యెండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ప్రాణవాయువు కలిసి ఆ గొలుసులను తెంపుతాయి. పైపొర పెళుసై, కంటికి కనపడని పగుళ్ళు పడి, సున్నం పూసినట్లు తెల్లబారుతుంది. నలుపు కోసం కలిపిన మసిపొడి కొంత కాపు కాస్తుంది గాని, పూర్తిగా ఆపలేదు.

ఈ ఊళ్ళో మాకు తెలిసిన పెద్దాయన ఒకరు వున్నారు. ఎనభై దాటిన మనిషి. ప్రదోషానికి సురుటుపల్లి వెళ్ళడానికి ఆయనకు ఇరవై యేళ్ళనాటి మారుతీయే ఆధారం. ఇంజను మంచిది, బ్రేకులు మంచివి. కాని ముఖం వెలిసిపోయింది గనుక అమ్మివేద్దామని పిల్లల పోరు. కారు పోతే ఆయన బయటికి వెళ్ళాలన్నా ఒకరి తీరిక కోసం కాచుకోవాలి. అందుకని ఆయనే మేస్త్రీ దగ్గరకు తీసుకుపోయారు.

"ఏమప్పా, ఇది మళ్ళీ నల్లబడుతుందా?"

"నల్లబడుతుంది సార్. ఎన్నాళ్ళుంటుందో మాత్రం మీరు బండి ఎక్కడ నిలుపుతారో దాన్నిబట్టి."

పనికి ముందు తడిగుడ్డతో ఒకసారి తుడిచి చూడాలి. తడిగా వున్నంతసేపూ నల్లగా కనపడితే, చెడినది పైపొర మాత్రమే. అప్పుడు సబ్బునీళ్ళతో, మెత్తని బ్రష్షుతో గరుకుల్లోని దుమ్మూ, పాత పాలిష్షూ పోయేదాకా కడిగి బాగా ఆరబెట్టాలి. తరువాతనే ప్లాస్టిక్ కోసం అమ్మే పూత పలచగా రాసి, మిగిలినది గుడ్డతో తుడవాలి. కొందరు కొబ్బరినూనె రాస్తారు. ఆ పూటకు నిగనిగలాడుతుంది. మర్నాటికి ఆ జిడ్డుకు రోడ్డు దుమ్మంతా అతుక్కుంటుంది.

వేడిగాలి యంత్రంతో కాచే పద్ధతి కూడా వున్నది. పైపొర కరిగీ కరగనట్లు సర్దుకొని నలుపు తిరిగి వస్తుంది. అది పనితెలిసినవాని చేతిలో వుండవలసిన పనిముట్టు. ఒకేచోట నిలిపితే బంపరు వంకర పోతుంది, పక్కనున్న పెయింటు పొంగుతుంది. పైగా చెడిన పొర తిరిగి కొత్తది కాదు. కొంతకాలానికి మళ్ళీ వెలుస్తుంది.

గీతల విషయం వేరు. నున్నని ప్లాస్టిక్ అయితే సన్నని గరుకు కాగితాన్ని తడిపి రుద్దవచ్చు. ఇక్కడి పనివాళ్ళు దానిని ఉప్పుత్తాళ్ అంటారు. గరుకు అచ్చు వున్న ప్లాస్టిక్‌ను రుద్దితే మాత్రం అచ్చు అరిగి, గీత ఉన్నచోట పెద్ద మచ్చ మిగులుతుంది. రంగే వేయదలిస్తే ముందుగా దాన్ని పట్టి వుంచే ప్రైమరు కావాలి; లేకుంటే పాలీప్రొపిలీన్ మీద రంగు నిలవక పెచ్చులు లేస్తుంది. సిలికాన్ పాలిష్ మిగిలి వున్నా అంతే.

డాష్‌బోర్డుకు మెరుపు పూయవద్దు. ఆ తళుకు ముందు అద్దంలో పడి కంటికి అడ్డు వస్తుంది. స్టీరింగుకు, పెడళ్ళకు అసలే పూయరాదు. చేయీ కాలూ జారుతాయి.

సాయంత్రానికి బంపరు నల్లబడింది. కొత్తదానిలా కాదు, చక్కగా వుంచుకున్న పాతదానిలా. మేస్త్రీ చెప్పినట్లు పెద్దాయన కారు నిలపడానికి పెరట్లో తాటాకు పందిరి వేయించారు. పిల్లలు వచ్చి చూచి, అమ్మే మాట ఈ యేటికి వాయిదా వేశారు. ఆ నలుపు బ్రేకులకు పూచీ కాదని ఆయనకు తెలుసు. అవి వేరే పరీక్ష చేయించారు. పైపై మెరుగును చూచి బండి కొనేవారికీ, పైపై వెలపును చూచి బండి వదిలేవారికీ చెప్పవలసిన మాట ఒకటే: ముందు లోపల చూడండి, తరువాత తుడవండి.