తుపాకీ పేలకముందు
‘మోసగాళ్ళకు మోసగాడు’ (1971) చూసి కౌబాయ్ సినిమాలంటే ప్రాణం పెట్టేవాళ్ళకు తర్వాత ఏం చూడమనాలి? అందరూ సెర్జియో లియోనీ పేరే చెబుతారు. ఆరుద్ర రాసిన ఆ కథకు ప్రేరణ అటునుంచే వచ్చింది కనుక అది సహజం. నేను మాత్రం ముందు ‘హై నూన్’ (1952) అంటాను. మధ్యాహ్నం పన్నెండు గంటల రైల్లో వస్తున్న పగవాణ్ణి ఎదుర్కోవడానికి గ్యారీ కూపర్ వేసిన మార్షల్ సాయం కోసం ఊరంతా తిరుగుతాడు. ఒక స్నేహితుడు ఇంట్లోనే ఉండి, లేడని భార్యచేత చెప్పిస్తాడు. నలుపు తెలుపు బొమ్మ, కాల్పులూ తక్కువేనని కొందరు పెదవి విరుస్తారు. నిజమే, కాల్పులన్నీ చివర్లోనే. కానీ గోడ గడియారం పన్నెండుకు దగ్గరపడేకొద్దీ, కథలో కాలం దాదాపు మన కాలంతో సమానంగా నడుస్తుంటే, ఆ ఉత్కంఠ ఏ తుపాకీ మోతకూ తీసిపోదు. అంతెందుకు, లియోనీ ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ (1968) మొదట్లో స్టేషన్‌లో రైలు కోసం కాచుకున్న ముగ్గురు ముష్కరులూ ‘హై నూన్’ నుంచి వెళ్ళినవాళ్ళే.