బండి దిగడానికి చోటు

బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం కొండవాలున ఉంది. పడమట ఆక్స్‌ఫర్డ్ వీధి నుంచి తూర్పున గేలీ రోడ్డు దాకా నేల ఎక్కుతూనే ఉంటుంది. అలాంటి చోట చక్రాల కుర్చీ వాడేవాళ్లు బండి ఎక్కడ ఆపి, ఎలా దిగుతారో చూడాలని వెళ్లాను. తీసుకెళ్లింది మా మేనకోడలు. ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిన్నాక తనూ చక్రాల కుర్చీనే వాడుతోంది. బ్రేకు, యాక్సిలరేటర్ రెండూ చేతులతోనే అదుపు చేస్తూ వ్యాన్ తనే నడుపుతుంది.

దివ్యాంగుల కోసం నీలి గుర్తు వేసిన చోట ఆపి మీట నొక్కింది. పక్క తలుపు తెరుచుకుని ర్యాంపు నేలకు వాలింది. అది వాలిన చోట ఏటవాలు చారలు గీసి, పెద్ద అక్షరాలతో ‘నో పార్కింగ్’ అని రాసి ఉంది.

“రెండు నిమిషాలే కదా అని ఎవరైనా ఇక్కడ బండి పెట్టారనుకో మామయ్యా, నేను నా వ్యాన్ ఎక్కలేను. వాళ్లొచ్చేదాకా ఎండలో కూర్చోవాల్సిందే” అంది.

ఆ ఖాళీకి చట్టంలో కొలతలున్నాయి. 1990 నాటి అమెరికా దివ్యాంగుల చట్టం ప్రమాణాల ప్రకారం 25 బండ్లు పట్టే చోట కనీసం ఒకటి, 100 పట్టే చోట నాలుగు స్థలాలు కేటాయించాలి. ప్రతి ఆరింటిలో ఒకటి వ్యాన్‌కు సరిపోవాలి. అంటే 11 అడుగుల స్థలం, పక్కన 5 అడుగుల ఖాళీ; లేదా రెండూ ఎనిమిదేసి అడుగులు. వాలు 48 అడుగులకు ఒక అడుగు మించకూడదు. మించితే దిగేటప్పుడు కుర్చీ జారిపోయే ప్రమాదం ఉంది. కొండమీది క్యాంపస్‌లో అంత చదునైన నేల సిద్ధం చేయడం చిన్న పని కాదు.

అలాంటి చోట ఆపాలంటే అద్దానికి నీలి కార్డు తగిలించాలి. అది బండికి ఇచ్చేది కాదు, మనిషికి ఇచ్చేది. తీవ్రమైన గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవాళ్లకూ అది వస్తుంది. అందుకే అక్కడ దిగి నడిచి వెళ్లేవాళ్లను చూసి అనుమానపడకూడదు.

ఈ క్యాంపస్‌లో నోబెల్ గ్రహీతలకు ‘ఎన్‌ఎల్’ అని బోర్డు పెట్టి పార్కింగ్ స్థలం కేటాయిస్తారు. అది ప్రతిభకు గౌరవం. నీలి గుర్తున్న స్థలం మాత్రం హక్కు. ఆ హక్కు వెనుక ఇక్కడి విద్యార్థుల పోరాటం ఉంది. పోలియోతో మెడ కింద చచ్చుబడిన ఎడ్ రాబర్ట్స్ 1962లో ఇక్కడ చేరారు. ఆయన వాడే ‘ఐరన్ లంగ్’ అనే ఊపిరి యంత్రానికి సరిపడే హాస్టల్ గది లేక కోవెల్ ఆసుపత్రిలో బస ఇచ్చారు. తర్వాత మరికొందరు దివ్యాంగ విద్యార్థులూ అక్కడికి వచ్చి చేరారు. ‘రోలింగ్ క్వాడ్స్’ పేరుతో జట్టు కట్టి, పేవ్‌మెంట్ల అంచులకు ర్యాంపులు కావాలని నగరాన్ని నిలదీశారు. ఆ ఆసుపత్రి ఉన్న చోట ఇప్పుడు హాస్ బిజినెస్ స్కూల్ ఉంది.

మనకూ 2016 నుంచి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. అదే ఏడాది కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు కారు స్థలం 3.6 మీటర్ల వెడల్పుతో, ప్రధాన ద్వారానికి 30 మీటర్లలోపు ఉండాలని చెప్పాయి. అయితే మన కాలేజీల్లో కనిపించేవి ఎక్కువగా అదనపు చక్రాలు బిగించిన స్కూటీలు. అవి బైకుల వరుసలో ఇమడవు. వాటికీ వెడల్పైన చోటు, పక్కన దిగే ఖాళీ కావాలి. పార్కింగ్ గీతలు గీయకముందే ఆ బండ్లు నడిపే విద్యార్థుల్ని పిలిచి, బండి దిగి తరగతి దాకా వెళ్లి చూపించమనాలి. వాళ్లు ఎక్కడ ఆగిపోతే పని అక్కడే మొదలుపెట్టాలి.