అడిగితేనే అచ్చు

మా ఇంటి అటక మీద మూడు వందల పన్నెండు పుస్తకాలు ఉండేవి. అన్నీ ఒకటే పుస్తకం. 1996లో మా నాన్న సొంతంగా వేయించుకున్న పద్యాలు. చెదలు పట్టాయని ఓ వేసవిలో కిందికి దించినప్పుడు నేనే లెక్కపెట్టాను.

నాన్న పర్చూరు దగ్గర ఒక ఊళ్ళో తెలుగు మాస్టారు. గుంటూరులో ఒక ప్రెస్సులో ఐదు వందల కాపీలు వేయించాడు. దానికోసం అమ్మ గాజులు బ్యాంకులో పెట్టారు. ఊళ్ళో పెళ్ళయితే ఒక కాపీ, ఎవరైనా రిటైరైతే ఒక కాపీ పంచిపెట్టగా మిగిలినవి అటకెక్కాయి. మా బాబాయి మిరప టిక్కీలు ధర వచ్చేదాకా గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెట్టేవాడు. "మిరపకాయలకైతే ఏసీ గది ఉంది, పద్యాలకు అటకే గతి" అని నాన్న జోకు వేసేవాడు. గాజులు మాత్రం మూడేళ్ళకు తిరిగొచ్చాయి. ఆ పుస్తకం తర్వాత నాన్న ఇంకో పద్యం రాసినట్టు నాకు తెలియదు.

అందుకని 2023లో నా కథలు పుస్తకంగా వేద్దామనుకున్నప్పుడు మొదట పెట్టుకున్న నియమం ఒక్కటే: అటక ఉండకూడదు.

ప్రింట్ ఆన్ డిమాండ్ నాకు దేవుడిచ్చిన దారిలా కనపడింది. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లు చేయాలి, మెషీన్ సెట్ చేయాలి. ఆ ఖర్చు వంద కాపీలకైనా వెయ్యి కాపీలకైనా అంతే. అందుకే ఏ ప్రెస్సువాళ్ళయినా "ఐదొందలైనా వేయించుకోండి" అంటారు. డిజిటల్ ప్రింటింగుకి ప్లేట్లు ఉండవు. పాఠకుడు ఆర్డరు పెట్టాకే ఆ ఒక్క కాపీ అచ్చయి, బైండయి, నేరుగా వాళ్ళింటికి పోతుంది. బెంగళూరు నుంచి పోతి డాట్ కామ్ ఎప్పటినుంచో ఈ పని చేస్తోంది. మన తెలుగులో కినిగె ఈబుక్కులకు దారి వేసింది. రచయిత ఇవ్వాల్సిందల్లా లోపలి పేజీల పీడీఎఫ్, కవరు పీడీఎఫ్.

అయితే పంట వేసే ముందు కౌలు లెక్క చూసుకున్నట్టు ఇక్కడా చూసుకోవాలి. నా పుస్తకం 144 పేజీలు. ఆఫ్‌సెట్‌లో ఐదొందలకు నాకు చెప్పిన ధర నలభై రెండు వేలు, అంటే కాపీకి రూ. 84. వెల రూ. 160 పెట్టి, షాపుకి నలభై శాతం ఇస్తే చేతికొచ్చేది రూ. 96. కాపీకి పన్నెండు రూపాయలు మిగులుతాయి, అదీ ఐదొందలూ అమ్ముడైతేనే. ఆన్ డిమాండ్‌లో ఒక్క కాపీ అచ్చుకే రూ. 118. వెల రూ. 220 పెట్టక తప్పలేదు, పోస్టేజీ అదనం. నాకు నష్టం లేదు. నష్టం ఎక్కడికీ పోలేదు, పాఠకుడి మీదికి జరిగిందంతే.

ఈలోగా ఒకచోట మోసపోయాను కూడా. పైన చెప్పిన రెండూ కాదు, పేరు అనవసరం. ప్యాకేజీ పద్ధెనిమిది వేలు, అందులో ఐఎస్‌బీఎన్‌కి విడిగా ఒక లైను, దాని ఎదురుగా ధర. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి రచయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. డబ్బు కట్టాక తెలిసింది నాకు. సొంత ప్రచురణ అంటే రచయిత పని చేయించుకుని, పనికి డబ్బివ్వడం. "మీ పుస్తకాన్ని ఎంపిక చేశాం" అని ముందు పొగిడి తర్వాత బిల్లు పంపితే అది ప్రచురణ కాదు.

ఇంకో తలనొప్పి ఫాంట్లు. గుంటూరులో మాకు తెలిసిన డీటీపీ అన్న పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చకచకా కొట్టేస్తాడు. కాయితం మీద చక్కగా ఉంటుంది. దాన్ని ఈబుక్కు చేయాలంటే యూనికోడ్‌లోకి మార్చాలి, మారిస్తే వత్తులు తప్పిపోతాయి. సరే, యూనికోడ్‌లోనే ఇన్‌డిజైన్‌లో పెడదామంటే వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయకపోతే వత్తులు ఊడిపోయి పక్కన కూర్చుంటాయి. పదకొండు రోజులు వత్తులు ఏరుకున్నాను, కళ్ళంలో తాలుకాయలు ఏరినట్టు.

చివరికి ప్రూఫ్ కాపీ వచ్చింది. తీసుకెళ్ళి నాన్న చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి, వాసన చూసి అడిగాడు.

"ఎన్ని వేయించావమ్మా?"

"ఒకటే, నాన్నా. అడిగినవాళ్ళకే అచ్చేస్తారు."

"మంచిదే. మరి అడిగేవాళ్ళెవరు?"

ఆరు నెలల్లో నలభై ఒక్క కాపీలు పోయాయి. హైదరాబాదులో ఫ్రెండ్స్, ఆఫీసువాళ్ళు, ఫేస్‌బుక్‌లో పరిచయాలు. మా ఊళ్ళో ఒక్కటీ లేదు. ఆ కథలన్నీ మా ఊరివి. మిరప కోతలకు ఆటోలో పదిహేనుమంది ఇరుక్కుని పోయే ఆడవాళ్ళవి. సంక్రాంతికి వెళ్తే పక్కింటి పిన్ని గుమ్మంలోనే పట్టుకుంది. "నా కథ రాశావంటగా, ఏదే పుస్తకం?" లింకు పంపుతానన్నాను. "లింకేంటే?" అంది. నిజంగా డిమాండంటే ఆ అడగడమే. దాన్ని వినే మెషీను మాత్రం ఏ వెబ్‌సైటులోనూ లేదు.

ఆ మర్నాడే వేటపాలెం వెళ్ళాను. సారస్వత నికేతనం 1918లో పెట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీ వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. అప్పట్లో నాన్న వాళ్ళకు ఒక కాపీ ఇచ్చానని చెప్పేవాడు, చూద్దామని. ఉంది. ఆకుపచ్చ అట్ట వెలిసిపోయింది, లోపల ముద్ర, ఒక నంబరు. వెనక అంటించిన స్లిప్పు మీద రెండు తేదీలు. ఒకటి 2004, ఒకటి 2011.

వెంటనే ఫోన్ చేశాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్నగా నవ్వి, "2004 నేనేలే. ఉందో లేదో చూద్దామని పోయి తీసుకున్నా" అన్నాడు. "రెండోది ఎవరై ఉంటారు?"

ఆన్ డిమాండ్ తప్పని నేను అనను. దూరాన ఉన్న పాఠకుడికి, పదేళ్ళ తర్వాత వెతుక్కునేవాడికి పుస్తకం దొరకాలంటే అంతకన్నా మంచి దారి లేదు. అందుకే దాన్ని అలాగే ఉంచాను. దాంతోపాటు డిజిటల్‌లోనే చిన్న రన్ వంద కాపీలు వేయించాను, తొమ్మిది వేల రెండు వందలయింది. సంచిలో వేసుకుని తిరిగాను. పిన్నికి ఒకటి. ఆమె చదవలేదు, వాళ్ళ మనవరాలు చదివి వినిపించింది. "నేనట్లా అన్లేదే" అని ఒకచోట తప్పు పట్టింది. అది నిజం. రెండో ప్రింటులో మార్చాను. మార్చడానికి పీడీఎఫ్ ఒక్కటి మార్చితే చాలు, ఈ సుఖం నాన్నకి లేదు.

వేటపాలెంలో ఒక కాపీ ఇచ్చాను. ఇంకా ఇరవై మూడు మంచం కింద ఉన్నాయి. అటక కాదు కదా అని సర్దిచెప్పుకుంటున్నాను.

నాన్న మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా నా పుస్తకం ఎన్ని పోయాయని అడిగి, చివర్లో ఆ మాట తెస్తాడు. "2011లో ఎవరమ్మా అది?"