సిరిసిల్లకు ఇంకా బస్సే

మనోహరాబాద్ దాటగానే సికింద్రాబాద్ నుంచి వస్తున్న మా ప్యాసింజర్ నిజామాబాద్ పాత లైనును వదిలి కుడికి మళ్లింది. అక్కడి నుంచి అంతా కొత్త కట్ట, కొత్త స్టేషన్లు. సిద్దిపేట, సిరిసిల్ల మీదుగా వెళ్లాల్సిన ఈ మనోహరాబాద్–కొత్తపల్లి లైను మొత్తం 151 కిలోమీటర్లు. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రధాని మోదీ దీనికి శంకుస్థాపన చేశారు. భూమితో పాటు ఖర్చులో మూడో వంతు, తొలి ఐదేళ్ల నిర్వహణ నష్టం రాష్ట్రమే భరించాలని ఒప్పందం. 2023 అక్టోబరు 3న సిద్దిపేట, సికింద్రాబాద్ మధ్య మొదటి ప్రయాణికుల బండి నడిచింది.

"బస్సుల కూసుంటే నడుం పట్టేస్తది బిడ్డా. ఇండ్లయితే కాళ్లు సాపుకోవచ్చు" అంది ఎదురు సీటు పెద్దమ్మ. గజ్వేల్‌లో చాలామంది దిగారు. దుద్దెడ దాటాక పెట్టె సగం ఖాళీ.

సిద్దిపేటలో బండి ఆగింది. ఇది డెము కాబట్టి ఇంజిన్ విప్పి అటుమార్చే పని లేదు, రెండు చివరలా డ్రైవర్ గది ఉంటుంది. లోకో పైలట్ తన సంచి, నీళ్ల సీసా తీసుకుని ప్లాట్‌ఫాం పొడవునా నడిచి వెనక గదికి వెళ్లాడు. ఇందాక చివరిదైన పెట్టె ఇప్పుడు ముందు పెట్టె. మొదలైనప్పటి టైంటేబుల్‌లో ఉదయం 6:45కు ఇక్కడ బయలుదేరిన బండి 10:15కు సికింద్రాబాద్ చేరేది. అదే బండి మధ్యాహ్నానికి తిరిగొచ్చి, మళ్లీ వెళ్లి, రాత్రి 8:45కు ఇక్కడికి వచ్చేది. ఆస్పత్రి పనికి ఆ వేళలు బాగానే కుదిరేవి. పదింటికల్లా ఆఫీసులో ఉండాల్సినవాడికి మాత్రం కుదిరేవి కావు. స్టేషన్ ఎంత అందంగా కట్టినా ఊరికి అక్కరకొచ్చేది బండి వేళే అని నా నమ్మకం.

సిరిసిల్ల వైపు పనులు సాగుతున్నాయి. ఈలోగా నాకు మిగిలింది ఆటో, ఆ తర్వాత బస్టాండ్. తంగళ్లపల్లి దగ్గర మానేరు వంతెన దాటితే సిరిసిల్ల. సందుల్లోకి వెళ్తే సాంచల, అంటే మరమగ్గాల, చప్పుడు. మాట వినబడాలంటే చెవి దగ్గరికి రావాలి. ఒక షెడ్డు ముందు లారీలోంచి నూలు మూటలు దింపుతున్నారు. "ఎప్పుడూ లారీయేనా అన్నా?" అన్నాను. ఆసామి మూటలు లెక్కపెడుతూనే, "నూలు లారీలనే వస్తది, బట్ట లారీలనే పోతది. రైలొస్తే మనుషుల కన్న ముందు మా నూలు దిగాలె" అన్నాడు. 

ఆ మాట నాకు పూర్తిగా న్యాయంగా తోచింది. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించుకోవడానికి వచ్చే భక్తుల కోసం రైలు కావాలని అందరూ అంటారు, నిజమే కావాలి. కానీ సిరిసిల్లలో ప్లాట్‌ఫాంతో పాటే సరుకు దించే గట్టు, వానకు తడవని షెడ్డు కూడా కట్టాలి. తర్వాత చూద్దాం అంటే అది ఎప్పటికీ రాదు.

సిరిసిల్ల నుంచి వేములవాడ, రుద్రంగి మీదుగా కోరుట్ల చేరి పెద్దపల్లి–నిజామాబాద్ లైనులో కరీంనగర్ వైపు వెళ్లే రైలెక్కాను. పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు, 1993లో మంజూరైన ఆ లైను నిజామాబాద్ దాకా పూర్తయ్యేసరికి 2017 వచ్చింది. కోరుట్ల స్టేషన్‌లో గల్ఫ్ మాటలే ఎక్కువ. ఎవరి తమ్ముడు దుబాయ్‌లో ఉన్నాడు, ఎవరికి వీసా వచ్చింది, బొంబాయి బండి ఏ రోజున ఉంది.

తర్వాత జగిత్యాల. బోర్డు మీద లింగంపేట జగిత్యాల అని ఉంటుంది, ఎందుకంటే స్టేషన్ ఊరి బయట లింగంపేటలో ఉంది. లైను ముందుకు సాగకముందు కొన్నేళ్లు ఇదే ఆఖరి స్టేషన్. నా పక్కన కూర్చున్న డిగ్రీ అమ్మాయి దిగుతూ, "టికెట్ కన్నా ఆటోకే ఎక్కువైతది అక్కా" అంది. రైలు దిగినవాళ్లు ఆటోల చుట్టూ మూగారు, నాకు కనిపించినంతలో ఆర్టీసీ బస్సు ఒక్కటీ లేదు.

కరీంనగర్‌కు ముందు వచ్చే కొత్తపల్లిలోనే సిరిసిల్ల నుంచి రాబోయే పట్టాలు ఈ లైనులో కలవాలి. అప్పుడు సిరిసిల్ల పిల్లలు కాలేజీ వేళకు కరీంనగర్ చేరేలా పొద్దున్నే ఒక బండి పెట్టాలి. బండి వచ్చే ప్రతి వేళకూ సిరిసిల్ల స్టేషన్ ముందు ఒక ఆర్టీసీ బస్సు సిద్ధంగా ఉండాలి. ఆ సంగతి రైల్వే, ఆర్టీసీ ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోవాలి, స్టేషన్‌కు సున్నం వేశాక కాదు.