బడిలో మనం పలకరించని వాళ్ళు

మన ఇళ్ళలో స్కూలు మాట వస్తే టీచర్లు, మార్కులు, అంతటితో సరి. నేల తుడిచేవారినీ, భోజనం వడ్డించేవారినీ, బస్సు నడిపేవారినీ మనలో ఎంతమందిమి పేరు పెట్టి పలకరిస్తాం?

డాక్టరుగా నాకు వాళ్ళ పని విలువ కొంత తెలుసు. క్లాసులో ఓ పిల్లవాడు వాంతి చేసుకున్నాడనుకోండి. అది నోరోవైరస్ అయితే చేతులకు రాసుకునే శానిటైజరు దానిమీద అంతగా పనిచేయదు. నేలను సబ్బుతో కడిగి, బ్లీచు నీళ్ళతో తుడవాలి. జబ్బు వచ్చాక చూసేవాణ్ణి నేను. రాకుండా చూసేవాడు ఆ కస్టోడియన్.

మా అమ్మాయి మాంసం తినదని కాఫిటేరియాలో వడ్డించే ఆవిడకు ఒక్కసారే చెప్పాం. రెండో ఏడు కూడా తన కోసం పెపరోనీ లేని పిజ్జా ముక్క తీసి ఉంచుతోంది. 2020 మార్చిలో బళ్ళు మూసినప్పుడు, అమెరికాలో ఎన్నో ఊళ్ళలో ఇలాంటివాళ్ళే భోజనాలు పొట్లాలు కట్టారు. బస్సు డ్రైవర్లు వీధివీధికీ చేర్చారు. పాఠం కంప్యూటర్లో చెప్పవచ్చు గాని, అన్నం పెట్టలేం గదా! వీళ్ళలో చాలామందికి గంటల లెక్కన జీతం. వేసవి సెలవుల్లో అదీ ఉండదు.

"చదవకపోతే చీపురు పడతావు" అని పిల్లల్ని బెదిరించడం మనకు అలవాటు. ఆ మాట వింటూ పెరిగినవాడు చీపురు పట్టిన మనిషిని ఏ కంటితో చూస్తాడు? ముందు ఆ మాట మానేద్దాం. ఈ దీపావళికి టీచరుతో పాటు వంటగదికీ ఓ మిఠాయి పెట్టె పంపుదాం. పిల్లల చేతే ఇప్పిద్దాం, పేరు పెట్టి పలకరించమని చెప్పి. జీడిపప్పు మాత్రం వద్దు, డాక్టరు మాటగా!