భూమి ఇచ్చిన డిస్కౌంట్

పొద్దున్నే బరువు మిషనెక్కా. 74.
జేబులో ఫోన్ తీసి పక్కన పెట్టి మళ్లీ ఎక్కా. మొండిది, అదే 74.

ఇంతా చేస్తే ఇది డిస్కౌంట్ పోగా తేలిన లెక్క!
భూమి గిర్రున తిరుగుతోంది కదా, ఆ తిరుగుడుకి మనం మిషన్ మీద కాస్త తేలిగ్గా ఆనుతాం. హైదరాబాద్‌లో నా వాటా సుమారు 230 గ్రాములు. ధ్రువాల దగ్గర సున్నా.

1672లో రిషే అనే ఫ్రెంచాయన భూమధ్యరేఖ దగ్గరున్న కయెన్ వెళ్తే, పారిస్‌లో సరిగ్గా నడిచిన లోలకం గడియారం అక్కడ రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడింది. అక్కడ బరువు తగ్గి లోలకం నెమ్మదించడానికి ఈ తిరుగుడూ, దానివల్లే ఉబ్బిన భూమి నడుమూ కారణం.
(నడుము ఉబ్బడం నా ఒక్కడి సమస్య కాదన్నమాట.)

భూమి ఓ 17 రెట్లు జోరుగా తిరిగితే భూమధ్యరేఖ మీద అందరి బరువూ సున్నాయేనట!

ఇదంతా చెబితే మా ఆవిడ, "రాత్రి తిన్న మైసూర్‌పాక్ సంగతేంటి?" అంది.

మీ మిషన్ ఏమంటోంది?